సేవా క్లబ్బులూ సోషల్ మీడియా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగువారు నడుపుతున్న సేవా క్లబ్బుల్లో ఏటా జులైలో కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకోగానే ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందువల్ల వాటిని కార్యక్రమం సాగే దశల ప్రకారం ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

## మొదలుపెట్టే ముందు

సేవ చేసి చాటుకోవడం మన పెద్దలు నేర్పిన పద్ధతి కాదు కదా. గుప్తదానమే గొప్పదంటారు. మేము ప్రచారం ఎందుకు చేసుకోవాలి?

ఎవరు ఇచ్చారో చాటుకోవడం వేరు, ఎక్కడ ఏమి దొరుకుతుందో అవసరమైనవారికి తెలియజేయడం వేరు. మొదటిదానిపై మీకున్న సంకోచం న్యాయమైనదే. రెండోది మాత్రం సేవలో భాగమే. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. చుక్కలు ఏ ఆదివారం, ఏ కేంద్రంలో వేస్తారో ప్రతి తల్లికీ తెలియడానికి మైకులు, గోడరాతలు, రోటరీ వంటి సంస్థల కార్యకర్తలు ఏళ్ళ తరబడి పనిచేశారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. టీకా ఎంత మంచిదైనా ఆ కబురు ఇంటింటికీ చేరకపోయి ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదు. కాబట్టి ప్రతి పోస్టు పెట్టే ముందు ఒక్కటే అడగండి: ఇది చదివినవారికి ఏదైనా మేలు జరుగుతుందా, లేక మన పేర్లు మాత్రమే కనిపిస్తాయా?

మా క్లబ్బులో పాతికమందే ఉన్నారు. ఊళ్ళో అందరికీ మేము తెలుసు. మాకు ఫేస్‌బుక్ అవసరమా అండీ?

ఊళ్ళోవారికి మీ సభ్యులు తెలిసి ఉండవచ్చు, కానీ మీ కంటి శిబిరం ఏ తేదీన జరుగుతుందో తెలియదు. పైగా శిబిరం అవసరమైన వృద్ధులు ఎక్కువగా చుట్టుపక్కల గ్రామాల్లో ఉంటారు. వారి దగ్గర స్మార్ట్‌ఫోను ఉండకపోయినా, కొడుకులూ మనవలూ సూరత్ మరమగ్గాల్లోనో, విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో పనిచేస్తూ రోజూ ఫోను చూస్తుంటారు. బరంపురంలో పెట్టిన కబురు సూరత్‌లో ఉన్న కొడుకు చూసి, ఇంటికి ఫోను చేసి, "అమ్మను శిబిరానికి తీసుకెళ్ళు" అని తమ్ముడికి చెప్పడం ఈ జిల్లాల్లో సహజంగా జరిగే పని. మీ ఫేస్‌బుక్ పేజీ ముఖ్యంగా ఆ దూరపు కొడుకు కోసం అనుకుంటే, ఏమి రాయాలో కూడా స్పష్టంగా తెలుస్తుంది.

వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్: ఏది ముందు తెరవాలి?

వాట్సాప్ ముందు, ఫేస్‌బుక్ పేజీ తరువాత. రోటరాక్ట్ (రోటరీ యువ విభాగం), లియో (లయన్స్ యువ విభాగం) వంటివి ఉండి, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం కళాశాలల విద్యార్థులు అందులో ఉంటే ఇన్‌స్టాగ్రామ్‌ను వారికే అప్పగించండి. యూట్యూబ్‌కు తొందర లేదు. నాలుగూ ఒకేసారి తెరిచి మూడింటిని ఎండబెట్టడం కంటే ఒక్కదాన్ని సజీవంగా ఉంచడం మేలు.

అధ్యక్షుడి సొంత ఖాతాలోనే పోస్టులు పెడితే సరిపోదా? వేరే పేజీ ఎందుకు?

సొంత ఖాతాకు ఫేస్‌బుక్‌లో 5000 మంది మిత్రుల పరిమితి ఉంది. పేజీని అనుసరించేవారికి అటువంటి హద్దు లేదు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. క్లబ్బులో అధ్యక్షుడు ఏటా మారతారు, చేసిన పనుల జాబితా మాత్రం క్లబ్బుకే చెందాలి. అధ్యక్షుడి ఖాతాలో శిబిరం ప్రకటన పక్కనే ఆయన కుటుంబ వేడుకలు, రాజకీయ అభిప్రాయాలు కూడా కనిపిస్తాయి, అవి క్లబ్బు మాటలని చదివేవారు పొరబడతారు. ఆయన పేజీలోని పోస్టును తన ఖాతా నుంచి పంచుకుంటే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.

తెలుగులో రాయాలా, ఒడియాలో రాయాలా? మా సభ్యుల మధ్య దీనిపైనే వాదన.

ఈ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఒడియా మాధ్యమంలోనో, ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు, తెలుగు అక్షరాలు మాత్రం చదవలేరు. తెలుగులో పొడవైన పోస్టు రాసి, "మనవాళ్ళే స్పందించడం లేదు" అని బాధపడే కార్యదర్శులు ఈ విషయాన్ని గమనించాలి.

మా సలహా ఇది: చదవవలసినది ఒడియాలో ఉండాలి, వినవలసినది తెలుగులో ఉండాలి. తేదీ, స్థలం, సమయం ఉన్న పోస్టరుపై ముందు ఒడియా, దాని కింద తెలుగు వేయండి. తెలుగు కుటుంబాలకు నిమిషం లోపు వాయిస్ మెసేజ్ పంపండి. ఆ గొంతు టీవీ వార్తల తెలుగులో కాక బరంపురం తెలుగులోనో, పర్లాకిమిడి తెలుగులోనో ఉంటే వినే పెద్దావిడకు తనవాళ్ళెవరో పిలిచినట్టు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే యువకులను అడ్డుకోకండి, వారి గ్రూపుల్లో అదే చదువుతారు. కొండ గ్రామాలకు వెళ్ళే కార్యక్రమమైతే సవర, కుయి మాట్లాడే స్థానికులెవరినైనా అడిగి అదే సమాచారాన్ని వారి గొంతుతో రికార్డు చేయించండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని నూరేళ్ళకు పైగా కిందటే పట్టుబట్టిన నేల ఇది. ఆ బాటను మనం మరచిపోకూడదు.

రోటరీ చక్రం, లయన్స్ చిహ్నం మా పోస్టర్లలో ఎలా పడితే అలా వాడవచ్చా?

వాడకూడదు. రంగు మార్చడం, సాగదీయడం, చిహ్నంపై అక్షరాలు వేయడం ఆ సంస్థల నియమాలకు విరుద్ధం. చిహ్నం పక్కన మీ క్లబ్బు పేరు ఉండాలి. సంస్థ వెబ్‌సైటు నుంచి అసలు ఫైలును దింపుకొని వాడండి. ఏ అంతర్జాతీయ సంస్థకూ చెందని స్థానిక క్లబ్బు అయితే వారి చిహ్నాలను పోలినవి తయారు చేసుకోవద్దు.

## ఖాతాల నిర్వహణ

పాత కార్యదర్శి బదిలీపై వెళ్ళిపోయారు. పేజీ ఆయన ఫోనులోనే ఉంది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆయనతో మర్యాదగా మాట్లాడి, ప్రస్తుత సభ్యులు ఇద్దరికి పేజీపై పూర్తి అధికారం ఇవ్వమని కోరండి. ఆయన ఎక్కడ ఉన్నా తన ఫోను నుంచి కొన్ని నిమిషాల్లో చేయగల పని ఇది. ఆయన అందుబాటులో లేకపోతే కొత్త పేజీ తెరిచి, పాతది వాడుకలో లేదని సభ్యులందరి ద్వారా తెలియజేయడమే మార్గం.

మళ్ళీ ఇలా జరగకుండా ఉండాలంటే క్లబ్బు పేరుతో ఒక ఈమెయిలు, క్లబ్బు ఖర్చుతో ఒక సిమ్ ఉండాలి. ఆ సిమ్‌కు రీచార్జి చేయించడం కోశాధికారి బాధ్యతగా రాసుకోండి, ఎందుకంటే చాలాకాలం రీచార్జి లేని నంబరును టెలికాం సంస్థ మరొకరికి కేటాయించవచ్చు. పేజీపై పూర్తి అధికారం ఎప్పుడూ కనీసం ఇద్దరికి ఉండాలి, ముగ్గురైతే ఇంకా మంచిది. రోటరీలోనూ లయన్స్‌లోనూ సంవత్సరం జులై 1న మొదలవుతుంది కాబట్టి, లెక్కల పుస్తకం అప్పగించే రోజునే ఖాతాల అధికారం కూడా అప్పగించి మినిట్స్‌లో నమోదు చేయండి. పాస్‌వర్డును వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరిగా అమర్చండి.

మా వాట్సాప్ గ్రూపు గుడ్ మార్నింగ్ సందేశాలతో నిండిపోయి అసలు కబురు కనిపించడం లేదు. ఎవరినీ నొప్పించకుండా ఎలా సరిచేయాలి?

ఉన్న గ్రూపును కదపకండి. పలకరింపులు కూడా క్లబ్బు జీవితంలో భాగమే, పెద్దవారికి అది రోజువారీ ఆత్మీయత. ప్రకటనలకు మాత్రం అడ్మిన్లే సందేశం పంపగల వేరే గ్రూపును ఏర్పాటు చేయండి. ఒక గ్రూపులో 1024 మంది వరకు ఉండవచ్చు, చిన్న పట్టణానికి అది చాలు.

సభ్యులు కాని ప్రజలకు కబురు అందించడానికి వాట్సాప్ ఛానల్ మేలు. గ్రూపులో చేరితే ఫోను నంబరు అందరికీ కనిపిస్తుంది, ఈ కారణంగానే మహిళలు చాలామంది చేరడానికి వెనుకాడతారు. ఛానల్‌ను అనుసరించేవారి నంబర్లు ఒకరివొకరికి కనిపించవు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుతున్నట్లయితే, మీ నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే ఆ సందేశం చేరుతుందని గుర్తుంచుకోండి.

రోజూ ఏదో ఒకటి పెట్టాలా?

అక్కరలేదు. చెప్పవలసినది ఉన్నప్పుడు చెప్పండి. వారానికి ఒక ఉపయోగకరమైన పోస్టు చాలు. ప్రతి పండుగకూ కార్యవర్గం ఫొటోలతో శుభాకాంక్షల బ్యానరు వేస్తూ పోతే, శిబిరం ప్రకటన వచ్చినప్పుడు కూడా జనం చూడకుండానే దాటవేస్తారు.

## కార్యక్రమానికి ముందు

ఉచిత కంటి శిబిరం పోస్టరులో ఏమేమి ఉండాలి?

రోగి కుటుంబం అడిగే ప్రశ్నలన్నింటికీ అందులో జవాబు ఉండాలి. పరీక్ష మాత్రమేనా, శుక్లాల ఆపరేషను కూడా ఉచితమేనా? ఆపరేషను ఏ ఆసుపత్రిలో, రానుపోను ఖర్చు ఎవరిది? కళ్ళద్దాలు ఉచితమా, డబ్బు కట్టాలా? వెంట ఒకరు రావాలా, రాత్రి ఉండవలసి వస్తుందా? ఆధారు కార్డు, పాత వైద్య పత్రాలు, వాడుతున్న మందులు తెచ్చుకోవాలని రాయండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు మందులు మానేసి రావద్దని ప్రత్యేకంగా చెప్పండి, ఖాళీ కడుపుతో రావాలేమోనని చాలామంది తమకు తామే అనుకుంటారు. స్థలం పేరుతో పాటు బస్సు దిగే చోటు, అక్కడి నుంచి దారి కూడా వేయండి. పోస్టరులో సగం స్థలాన్ని అతిథుల ఫొటోలకు ఇచ్చి ఫోను నంబరును చిన్న అక్షరాల్లో వేసే అలవాటును మానుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాము. నంబరు పెద్దగా ఉండాలి, ఆ నంబరుకు వచ్చే ఫోను ఎత్తే మనిషి ఉండాలి.

ఎన్ని రోజుల ముందు నుంచి చెప్పాలి?

రెండు వారాల ముందు తేదీ ప్రకటించండి, వారం ముందు పూర్తి వివరాలు ఇవ్వండి, ముందు రోజు సాయంత్రం వాయిస్ మెసేజ్‌తో గుర్తుచేయండి. వారపు సంత రోజున గ్రామాల వారు పట్టణానికి వస్తారు కాబట్టి సంతకు ముందు రాత్రి పంపిన కబురు మరుసటి రోజు నోటిమాటగా చాలా దూరం వెళుతుంది.

రక్తదాన శిబిరానికి యువకులు పేరు ఇస్తారు, రోజు వచ్చేసరికి రారు. సోషల్ మీడియాలో ఏమి రాస్తే వస్తారు?

"రక్తదానం మహాదానం" అన్న నినాదం అందరికీ తెలుసు, దానివల్ల భయం పోదు. భయం పోగొట్టే వివరాలు రాయండి. వయసు 18 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉండి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులకు రెండు దానాల మధ్య 90 రోజులు, మహిళలకు 120 రోజుల విరామం ఉండాలి. తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. తినకుండా రాకూడదు. ముందు పరీక్ష చేసి, పనికిరాదనుకుంటే వైద్యులే వెనక్కి పంపుతారు.

ఎవరికి ఉపయోగమో కూడా చెప్పండి. కోరాపుట్, రాయగడ, గజపతి ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధితో బాధపడే కుటుంబాలు ఉన్నాయి, తలసీమియా అనే మరో రక్తవ్యాధి ఉన్న పిల్లలకైతే కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ పిల్లల ఫొటో వేయనక్కరలేదు, ఈ ఒక్క వాక్యం చాలు. పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు రోజు విడిగా ఫోను చేయండి. ఆ పనిని ఏ పోస్టూ చేయలేదు.

ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే "బూస్ట్" వాడితే ప్రకటన ఎక్కడెక్కడికో పోతోంది. ఎలా సరిచూసుకోవాలి?

సరిహద్దు పట్టణాల వారికి ఇది ప్రత్యేకమైన చిక్కు. తెలుగు ప్రకటన కదా అని ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంటే బరంపురం, రాయగడ అందులో ఉండవు, కర్నూలు వారికి కనిపిస్తుంది. ఒడిశాను ఎంచుకుంటే పర్లాకిమిడికి ఆనుకొని ఉన్న పాతపట్నం తప్పిపోతుంది, బాలేశ్వర్ వారికి వెళుతుంది. భాష దగ్గర తెలుగును ఎంచుకుంటే ఫోనులో ఇంగ్లీషో, ఒడియానో పెట్టుకున్న మన తెలుగువారే జారిపోతారు. కాబట్టి రాష్ట్రం, భాష రెండింటినీ వదిలి, పటంలో శిబిరం జరిగే చోట గుర్తు పెట్టి చుట్టూ కిలోమీటర్ల పరిధిని ఎంచుకోండి. ముందు రెండు రోజులకు చిన్న మొత్తం పెట్టి, ఫోన్లు ఏ ఊళ్ళ నుంచి వస్తున్నాయో చూసి తరువాత పెంచండి.

## కార్యక్రమం రోజు

దుప్పట్లు, బియ్యం ఇచ్చేటప్పుడు తీసుకునేవారి ఫొటోలు పెట్టవచ్చా? దాతలు అడుగుతున్నారు.

ఒక దుప్పటిని ఆరుగురు పట్టుకొని, తీసుకునే వృద్ధురాలిని మధ్యలో నిలబెట్టి తీసే ఫొటోను మాన్పించగలిగితే మీ క్లబ్బు గౌరవం ఊళ్ళో పెరుగుతుంది. ఆమెకు ఆ ఊళ్ళోనే బంధువులు, వియ్యంకులు ఉంటారు. ఆ చిత్రం వారి ఫోనులకూ చేరుతుంది. సహాయం అందుకున్నందుకు తలవంచుకోవలసిన స్థితి ఎవరికీ రాకూడదు.

దాతలకు లెక్క చెప్పడం న్యాయమే. దానికి కొనుగోలు రసీదులు, పేర్చిన బియ్యం బస్తాలు, పనిచేస్తున్న సభ్యుల చేతులు, ఖాళీ అయిన లారీ ఫొటోలు సరిపోతాయి. ముఖం కనిపించే ఫొటో నిజంగా అవసరమైతే, ఇవ్వడానికి ముందు కాక ఇచ్చిన తరువాత, వారి భాషలో అడగండి. వస్తువు చేతికి రాకముందు అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు, ఆ అనుమతికి విలువ లేదు. వైద్య శిబిరంలో రోగుల చీటీలు, పరీక్ష ఫలితాలు ఫొటోల్లో పడకుండా చూసుకోండి.

బడి పిల్లలకు పుస్తకాలు పంచుతున్నాము. వారి ఫొటోల సంగతేమిటి?

తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ప్రధానోపాధ్యాయుల మాట ఒక్కటే చాలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారినందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది. బాలల గృహాల్లో ఉన్న పిల్లల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి: రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించింది. వెనుక నుంచి తీసిన తరగతి దృశ్యం, పుస్తకాలపై చిన్న చేతులు చాలినంత కథ చెబుతాయి.

ఫేస్‌బుక్ లైవ్ పెట్టాలా?

ఉపన్యాసాలకు వద్దు. వైద్యుడు ప్రజల సందేహాలకు తెలుగులోనూ ఒడియాలోనూ జవాబులు చెప్పే కార్యక్రమమైతే పెట్టండి.

## కార్యక్రమం తరువాత

మా పోస్టుకు లైకులు బాగా వచ్చాయి, శిబిరానికి జనం రాలేదు. లోపం ఎక్కడ?

లైకులు ఇచ్చినవారు సాధారణంగా సభ్యులూ, వారి బంధువులూ, ఇతర క్లబ్బుల వారూ అయి ఉంటారు. వారెవరికీ శుక్లాల ఆపరేషను అవసరం లేదు. శిబిరంలో పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర ఒక గడి అదనంగా పెట్టి, "మీకు ఎలా తెలిసింది?" అని ప్రతి ఒక్కరినీ అడగండి: వాట్సాప్, ఫేస్‌బుక్, ఆశా కార్యకర్త, ఆటో మైకు, బంధువు. ఆ కాగితం మీకు ఏ గణాంకాల తెర కంటే నిజం చెబుతుంది. ఆశా కార్యకర్తల ద్వారానే ఎక్కువమంది వచ్చారని తేలితే, తరువాతి వాయిస్ మెసేజ్ ముందుగా వారికి పంపండి.

"పేరు కోసం చేస్తున్నారు" అని ఎవరో వ్యాఖ్య రాశారు. తొలగించాలా?

తొలగించకండి. ఎంత ఖర్చయింది, ఎంతమందికి అందింది అన్నది రెండు వాక్యాల్లో మర్యాదగా రాసి, తరువాతి కార్యక్రమానికి ఆహ్వానించి, అక్కడితో ఆపండి. విమర్శలో నిజం ఉంటే తరువాతి పోస్టులో అది కనిపించాలి. బూతులు, కులాన్నీ మతాన్నీ దూషించే మాటలు, ఇతరుల ఫోను నంబర్లు ఉన్న వ్యాఖ్యలను మాత్రం వెంటనే తీసేయండి.

మా పోస్టు కింద తెలుగు, ఒడియా వాళ్ళు గొడవపడుతున్నారు. ఏం చేయాలి?

క్లబ్బు ఎవరి పక్షమూ తీసుకోకూడదు. ఒక సభ్యుడు ఒడియాలోనూ, ఒకరు తెలుగులోనూ "శిబిరం అందరికీ" అని రాసి, ఆ పోస్టుకు వ్యాఖ్యలు మూసేయాలి. సరిహద్దు గ్రామాల గురించిన వివాదాలు, నదీ జలాల వార్తలు క్లబ్బు పేజీలోకి రానివ్వకండి.

## విరాళాలు, అత్యవసరాలు

పోస్టులో క్యూఆర్ కోడ్ పెట్టి విరాళాలు అడగవచ్చా?

అడగవచ్చు, కానీ ఆ కోడ్ క్లబ్బు లేదా దాని ట్రస్టు బ్యాంకు ఖాతాది కావాలి, ఏ సభ్యుడి సొంత ఖాతాదీ కాకూడదు. స్కాన్ చేస్తే ఏ పేరు కనిపిస్తుందో పోస్టులోనే రాయండి, ఎవరైనా కోడ్ మార్చి పంచితే దాత పట్టుకోగలుగుతారు. 80జీ పేరుతో అందరికీ తెలిసిన పన్ను మినహాయింపును ఆ ఆమోదం ఉన్న సంస్థ మాత్రమే ప్రకటించాలి, 2000 రూపాయలకు మించిన నగదు విరాళానికి అది వర్తించదు. విదేశాల్లో స్థిరపడిన మన ఊరివారి విషయంలో జాగ్రత్త అవసరం: విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి విరాళం 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందకు వస్తుంది, దానికి ముందుగా నమోదు లేదా అనుమతి ఉండాలి. భారతీయ పౌరసత్వంతోనే విదేశంలో ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ చట్టం అడ్డురాదు.

"అత్యవసరంగా రక్తం కావాలి" అనే సందేశాలు మా గ్రూపులకు వస్తూనే ఉంటాయి. పంచాలా?

ఫోను చేసి నిర్ధారించుకోకుండా పంచవద్దు. ఎప్పుడో తీరిపోయిన అవసరం నెలల తరబడి తిరుగుతూ ఉంటే, ఆ కుటుంబానికి ఫోన్లు ఆగవు, నిజమైన అవసరం వచ్చినప్పుడు జనం నమ్మరు. మీరు పంపే సందేశంలో రక్తపు గ్రూపు, ఆసుపత్రి, తేదీ, ఏ గంట వరకు కావాలో ఉండాలి. రోగి వ్యాధి వివరాలు అక్కరలేదు. అవసరం తీరగానే "అందింది, ధన్యవాదాలు" అని అదే చోట రాయండి. ఏ రక్తకేంద్రంలో ఎంత నిల్వ ఉందో ప్రభుత్వ ఈ-రక్తకోశ్ వెబ్‌సైటులో చూడవచ్చు, ముందు అక్కడ వెతకడం కుటుంబానికి సమయం మిగులుస్తుంది.

తుఫాను సమయంలో క్లబ్బు పేజీని ఎలా వాడాలి?

2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినా, గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. తీరానికి దూరంగా ఉన్నామని ధీమాగా ఉండవద్దని కొండ గ్రామాల వారికి ముందే చెప్పడం అవసరం. హెచ్చరికలను వాతావరణ శాఖ, జిల్లా యంత్రాంగం ప్రకటనల నుంచి మాత్రమే తీసుకోండి, ప్రకటన వెలువడిన తేదీ, సమయం తప్పక వేయండి. తుఫాను దాటాక కరెంటు, సిగ్నలు పోతాయి కాబట్టి పునరావాస కేంద్రాల చిరునామాలు, మీ సభ్యుల నంబర్లు ముందు రోజే పంపి, కాగితంపై రాసుకోమని చెప్పండి. పాత తుఫాను దృశ్యాలు కొత్తవిగా వస్తుంటాయి, ఎవరు ఎక్కడ తీశారో తెలియనిది పంచవద్దు. సహాయం పంపాలనుకునే దూరప్రాంతాల వారికి ఏమి కావాలో, ఏమి అక్కరలేదో రెండూ రాయండి, పాత బట్టల మూటలు గుట్టలుగా పడి ఉండి తాగునీరు, టార్పాలిన్లు దొరకని పరిస్థితి దానివల్ల తప్పుతుంది.

మా క్లబ్బు పేరుతో ఎవరో నకిలీ పేజీ తెరిచి డబ్బు అడుగుతున్నారు.

ముందు స్క్రీన్‌షాట్లు, పేజీ లింకు భద్రపరచండి. తరువాత సభ్యులందరూ ఫేస్‌బుక్‌కు ఫిర్యాదు చేయాలి, అసలు పేజీలో హెచ్చరిక పెట్టాలి. ఎవరైనా డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోను చేయమని చెప్పండి, ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. స్థానిక పోలీసు స్టేషనులో క్లబ్బు లెటర్‌హెడ్‌పై ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఎన్నికల సమయంలో మా శిబిరం ఫొటోల్లో అభ్యర్థి ఉన్నారు. పెట్టవచ్చా?

పెట్టవద్దు. ఎన్నికల నియమావళి అమలులో ఉండగా పంపిణీ కార్యక్రమాలకు అభ్యర్థులను పిలవకుండా ఉండటమే క్షేమం. అనుకోకుండా వచ్చి ఉంటే ఆ ఫొటోలను పక్కన పెట్టి, వైద్యుల సేవ, వచ్చిన రోగుల సంఖ్య, తదుపరి పరీక్ష తేదీ మాత్రమే పోస్టులో ఇవ్వండి.